ఉపాధి పనీ, మురుగు కాలువా

ఉపాధి పనికి వెళ్ళిన రోజు మనకి కనిపించేది పలుగూ, పారా, ఎండా, సాయంత్రానికి కొలతలు. ఆ పని ఎందుకు పెట్టారో మాత్రం ఎవరూ చెప్పరు.

2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ అమల్లో పెట్టారు. 2008 ఏప్రిల్ నాటికి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నిటికీ వచ్చింది. ఆ చట్టం ప్రకారం అప్పట్లో ఇంటికి ఏడాదికి వంద రోజుల పని, ఆడా మగా ఒకే కూలి, పనిలో కనీసం మూడో వంతు ఆడవాళ్ళకి. ఇవి మనందరికీ తెలిసినవే. తెలియనిది ఆ చట్టంలో అప్పుడు రాసిన పనుల జాబితా. అందులో మొదట రాసింది నీటి సంరక్షణ. రోడ్లు చివర్న ఉండేవి. మధ్యలో ఒక మాట ఉండేది: నీరు నిలిచిపోయే చోట మురుగు పారించే పనులు. బండ్లపల్లిలో నీటిని ఆపాలి, మన దగ్గర నీటిని పంపాలి. చట్టం రెండూ రాసింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలొచ్చాయి, వరి వచ్చింది. కానీ పల్లపు నేల కదా, వచ్చిన నీరు పోవడానికీ దారి ఉండాలి. మురుగు కాలువలు పూడిపోయి, గుర్రపుడెక్క అల్లుకుంటే నాలుగు రోజుల వానకే చేను మునుగుతుంది.

2011 ఖరీఫ్‌లో జరిగింది అదే. మనది గౌతమికి ఈ గట్టు. కోటిపల్లి రేవు దాటితే అవతల ముక్తేశ్వరం. ఆ వైపు మండలాల్లో రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదన్నారు, మురుగు పోవట్లేదన్నారు, ఉపాధి పథకం వల్ల కూలీలు దొరకట్లేదనీ అన్నారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. 2022లో మళ్ళీ విరామం మాట వచ్చింది, మళ్ళీ మురుగు కాలువల పేరే చెప్పారు.

కూలీల మాట నాకు సగమే ఒప్పుదల. ఉపాధి పని ఎక్కువగా ఎండాకాలంలో, ఊడ్పులు వానలు పడ్డాక. పైగా చేను బీడు పెడితే ముందు పోయేది ఊడ్పుల ముఠా కూలీ, కలుపు కూలీ. అవి మన చేతి పనులే. ఆ డబ్బులు రాకపోతే సంఘంలో వాయిదా ఎక్కణ్ణుంచి కడతాం?

పెద్ద డ్రెయిన్లు మన పారలకి లొంగవు, వాటికి యంత్రాలే కావాలి. చేల మధ్య బోదెలు మాత్రం మనం తీయగలం. కానీ కింద డ్రెయిను పూడి ఉంటే పైన మనం తీసిన బోదె వృథా. రెండూ ఒకే వేసవిలో జరగాలి.

అందుకే గ్రామసభలో పనుల జాబితా చదివేటప్పుడు ఏ బోదె ఏ డ్రెయిన్లో కలుస్తుందో అడగండి. తీసిన మట్టి ఎక్కడ పోస్తారో కూడా అడగండి. గట్టు అంచునే పోస్తే తొలి వానకే అది మళ్ళీ కాలువలోకి జారుతుంది.