బీసీఏ: చేరేముందు తెలుసుకోవాల్సినవి

బ్యాచిలర్ ఆఫ్ కంప్యూటర్ అప్లికేషన్స్‌నే బీసీఏ అంటారు. మూడేళ్ల డిగ్రీ. సి, జావా, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, వెబ్ డెవలప్‌మెంట్ ముఖ్య సబ్జెక్టులు. లెక్కలు కూడా ఉంటాయి, కొంచెం ఓపిక కావాలి. పూర్తయ్యాక ఐసెట్ రాసి రెండేళ్ల ఎంసీఏ చేయొచ్చు.

2024-25 నుంచి బీసీఏ కోర్సు ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చింది. అందుకే కాలేజీకి ఆ అనుమతి ఉందో లేదో ముందే అడగాలి.

తెలంగాణలో డిగ్రీ అడ్మిషన్లు 2016 నుంచి 'దోస్త్' ద్వారా జరుగుతున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడే కుటుంబాలు మామూలు విడతల్లోనే సీటు తీసుకోవాలి. స్పాట్ అడ్మిషన్‌లో చేరినవారికి అది వర్తించదు, మొత్తం ఫీజు ఇంటివాళ్లే కట్టుకోవాలి. అర్హులైనవారు ఈ-పాస్‌లో ఏటా దరఖాస్తు చేసుకోవాలి. మొదటి ఏడాది పెట్టాం కదా అని ఊరుకుంటే కుదరదు.