గ్రహాంతరవాసులు ఎత్తుకెళ్ళిన పెద్దమనుషులు

మన కోనేరు హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన 2002లోనే హైదరాబాదులో చెస్ ప్రపంచ కప్ జరిగింది. ఆనంద్ గెలిచాడు, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ పోటీ ఫిడేది, అంటే ప్రపంచ చదరంగ సమాఖ్యది. అప్పట్లో దాని అధ్యక్షుడు కిర్సాన్ ఇల్యుమ్‌జినోవ్. 1995 నుంచి 2018 దాకా ఆ కుర్చీ ఆయనదే. దానికితోడు 1993 నుంచి 2010 వరకూ రష్యాలోని కల్మీకియా అనే చిన్న రిపబ్లిక్‌కి కూడా అధ్యక్షుడు.

ఈయనగారు చెప్పే కథ ఏంటంటే, 1997 సెప్టెంబరు 18న మాస్కోలో తన అపార్ట్‌మెంట్లో నిద్రకి ఉపక్రమిస్తుండగా బాల్కనీ వైపు నుంచి ఎవరో పిలిచారట. వెళ్ళి చూస్తే అరపారదర్శకంగా ఓ గొట్టం. అందులోంచి ఓడలోకి వెళ్తే పసుపు రంగు స్పేస్‌సూట్లు వేసుకున్నవాళ్ళు కనిపించారట. 2010 ఏప్రిల్లో రష్యన్ టీవీలో వ్లదిమీర్ పోజ్నర్ అడిగితే ఏమాత్రం తడుముకోకుండా ఇదంతా మళ్ళీ చెప్పాడు. అది చూసిన అందరూ నవ్వుకుంటే, ఆంద్రేయ్ లెబెదెవ్ అనే పార్లమెంటు సభ్యుడు మాత్రం ఏకంగా దేశాధ్యక్షుడు మెద్వెదెవ్‌కి ఉత్తరం రాశాడు. ఒక రిపబ్లిక్ అధినేత అన్యగ్రహాలవాళ్ళతో మాట్లాడితే ప్రభుత్వ రహస్యాల సంగతేంటి, దానికేమైనా పద్ధతి ఉందా అని!

ఇలాంటివి విన్నప్పుడు మనం రెండే పనులు చేస్తాం. "అంత పెద్దాయన ఊరికే చెప్తాడా" అంటాం, లేదా "పిచ్చి ముదిరింది" అని నవ్వేస్తాం. రెండిట్లోనూ మనం తూకం వేసేది మనిషినే. ఆయన చెప్పిన మాటని ఎవరూ తూకం వెయ్యరు. నాకు పేచీ అక్కడే.

సరే, మాటనే చూద్దాం. ఇల్యుమ్‌జినోవ్ దగ్గర సాక్షులున్నారు. డ్రైవరు, ఒక మంత్రి, ఒక సహాయకుడు. వాళ్ళు ఇంటికొచ్చేసరికి ఈయన లేడు, వెతికారు, కాసేపటికి ఈయన ప్రత్యక్షమయ్యాడు. ఇది ఆయన చెప్పిందే. దీన్ని పూర్తిగా నమ్మినా మనకి మిగిలేదేంటి? ఓ గంటసేపు మనిషి కనబడలేదు, అంతే. ఓడని చూసినవాడు లేడు, పసుపు సూటుని చూసినవాడూ లేడు. సర్వర్ లాగుల్లో గంటసేపటి ఎంట్రీలు లేవనుకోండి, ఆ గంటలో ఏం జరిగిందో తెలీదని మాత్రమే దానర్థం. హ్యాకర్ వచ్చాడని రుజువైనట్టు కాదు. పైగా కథ మొదలయ్యింది నిద్ర పట్టే వేళ. మెలకువ వచ్చినా ఒళ్ళు కదలక, గదిలో ఎవరో ఉన్నట్టు అనిపించే నిద్ర పక్షవాతం చాలామందికి అనుభవమే. మన ఊళ్ళలో దయ్యం గుండెల మీద కూర్చుందంటారు. ఇల్యుమ్‌జినోవ్‌కి జరిగింది అదేనని నేననను. కానీ గ్రహాంతరవాసుల దాకా వెళ్ళేముందు దాటాల్సిన మజిలీలు చాలా ఉన్నాయి.

తనిఖీకి దొరికే మాట ఎలా ఉంటుందో చూడాలంటే జిమ్మీ కార్టర్ ఉన్నాడు. జార్జియా గవర్నరుగా ఉండగా 1973లో, తను ఆకాశంలో ఒక వింత వెలుగు చూశానని ఫారం నింపి ఇచ్చాడు. ఎత్తుకెళ్ళారని ఆయన అనలేదు, గ్రహాంతరవాసులని కూడా అనలేదు. ఏ ఊరు, ఏ దిక్కు, ఎంత ఎత్తులో కనబడిందో రాశాడు. తేదీ తప్పు రాశాడు, 1969 అక్టోబరు అని. రాబర్ట్ షీఫర్ అనే పరిశోధకుడు లయన్స్ క్లబ్బు రికార్డులు వెతికి, అసలు తేదీ 1969 జనవరి 6 అని తేల్చాడు. ఆ సాయంత్రం ఆ దిక్కున శుక్రగ్రహం బాగా వెలుగుతోంది. ఆ వివరణతో ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. కానీ వాదించుకోడానికి ఒక ఊరూ, తేదీ, దిక్కూ ఉన్నాయి కదా. తప్పని తేల్చడానికి వీలుండడం కూడా ఆ మాటకున్న మర్యాదే.

ఇక మూడో పెద్దమనిషి కేరీ మల్లిస్. 2020లో మనందరి ముక్కుల్లో పుల్లలు పెట్టి చేసిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష ఉంది చూశారూ, అందులోని పీసీఆర్ ఈయన కనిపెట్టిందే. దానికే 1993లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 1998లో అచ్చయిన ఆత్మకథలో ఈయనో సంగతి రాశాడు. 1985లో ఒక రాత్రి, ఉత్తర కాలిఫోర్నియా అడవిలోని తన కేబిన్ దగ్గర టార్చిలైటు పట్టుకుని బయటికి వెళ్తుంటే, వెలుగుతున్న రకూన్ (అదో అడవి జంతువు) ఒకటి "గుడీవినింగ్ డాక్టర్" అందట. తర్వాత చూసుకుంటే తెల్లారింది, తను రోడ్డు మీద నడుస్తున్నాడు. మధ్యలో గంటలు ఏమయ్యాయో తెలీదు. చాలామంది దీన్ని కూడా గ్రహాంతరవాసుల ఖాతాలో వేసేశారు. ఆయన మాత్రం అలా తేల్చలేదు. మళ్ళీ చేసి చూపించలేను కాబట్టి దీనిమీద సైన్సు పేపరు రాయనన్నాడు. నన్నడిగితే అది నిజాయితీ గల మాటే.

అసలు చిక్కు ఇక్కడుంది. ఇదే మల్లిస్ ఎయిడ్స్‌కి హెచ్ఐవీ కారణం కాదని వాదించాడు. అదే వాదంతో పీటర్ డ్యూస్‌బర్గ్ 1996లో వేసిన పుస్తకానికి ముందుమాట రాశాడు. ఆ డ్యూస్‌బర్గ్‌ని దక్షిణాఫ్రికా అధ్యక్షుడు ఎంబెకీ 2000లో తన సలహా మండలిలో కూర్చోబెట్టాడు. అక్కడ మందులు ఆలస్యం కావడం వల్ల 3,30,000కి పైగా ప్రాణాలు పోయాయని 2008లో హార్వర్డ్ పరిశోధకులు అంచనా కట్టారు. ఆ ప్రాణాలన్నీ మల్లిస్ ఖాతాలో రాయడం అన్యాయం. కానీ నోబెల్ గ్రహీత ముందుమాట ఉందంటే ఆ వాదానికి ఎంత బలం వస్తుందో చెప్పక్కర్లేదు. రక్తంలో హెచ్ఐవీ ఎంతుందో కొలవడానికి డాక్టర్లు వాడుతున్నది ఆయన కనిపెట్టిన పీసీఆరే! రకూన్ కథకి అందరూ నవ్వారు. దానివల్ల ఎవరికీ జలుబు కూడా చెయ్యలేదు.

ఇల్యుమ్‌జినోవ్ దగ్గరా అంతే. 1998 జూన్‌లో కల్మీకియా రాజధాని ఎలిస్తాలో లరీసా యూదినా అనే ప్రతిపక్ష పత్రిక ఎడిటర్‌ని పొడిచి చంపారు. అక్కడి ప్రభుత్వంలో అవినీతి గురించి రాసేదామె. శిక్షపడ్డవాళ్ళలో ఇల్యుమ్‌జినోవ్ దగ్గర పూర్వం సహాయకుడిగా చేసినవాడున్నాడు. తనకే సంబంధం లేదని ఇల్యుమ్‌జినోవ్ అన్నాడు, ఆయన మీద కేసూ లేదు. ఆ ఏడాదే అదే ఊళ్ళో, ప్రత్యేకంగా కట్టించిన చెస్ నగరంలో, ఒలింపియాడ్ ఘనంగా జరిగింది. ఈ రోజుకీ ఆయన పేరు చెప్తే జనానికి ముందు గుర్తొచ్చేది పసుపు స్పేస్‌సూట్లే. యూదినా పేరు ఎంతమందికి తెలుసు?

మనం కోడ్ రివ్యూ చేసేటప్పుడు రాసింది ఆర్కిటెక్టా ఫ్రెషరా అని చూసి అప్రూవ్ చెయ్యం కదా (చెయ్యకూడదు, కనీసం!). మల్లిస్ పీసీఆర్ ప్రపంచమంతా పరీక్షించి నెగ్గిన మాడ్యూలు. ఆయన హెచ్ఐవీ వాదం టెస్టుల్లో ఫెయిలయింది. రకూన్‌కి అసలు టెస్టే రాయలేం, అది పెండింగులో ఉంటుంది. ముగ్గురూ ఒక్క మనిషే, కానీ మార్కులు మూడు చోట్లా విడివిడిగా వెయ్యాల్సిందే. పెద్దమనుషులు చెప్పే గ్రహాంతర కథల్ని విని కాసేపు నవ్వుకోండి, తప్పులేదు. ఆ నవ్వు అయ్యాక, అదే మనిషి చెప్పిన మిగతా మాటల్లో ఎవరి ప్రాణానికో ముడిపడినది ఏదైనా ఉందేమో చూడండి. ముందు తనిఖీ చెయ్యాల్సింది దాన్ని.