రోగి పరిచర్య: చేయి, చదువు, ధర్మము

ఇంటిలో ఎవరికైనను జబ్బు చేసినప్పుడు వైద్యుడు వచ్చి చూచి వెళ్ళుటకు పట్టునది కొలది నిమిషములే. ఆ తరువాత రాత్రింబవళ్ళు మంచము ప్రక్కన కూర్చుండి, మందు పోసి, గంజి త్రాగించి, ఒళ్ళు తుడిచి, పక్కబట్టలు మార్చి కనిపెట్టియుండువారు వేరొకరు. రోగము కుదిరినచో కీర్తి వైద్యుని హస్తవాసికి దక్కును. కనిపెట్టియున్నవారి పేరు ఎవరికిని గుర్తుండదు. ఈ పరిచర్య ఒక విద్యగాను, ఒక ధర్మముగాను రూపొందిన చరిత్రను నేడు కొంత ముచ్చటింప దలచినాము.

మన పూర్వులు పరిచారకుని మరచిపోలేదు. చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉండవలసిన గుణములు కూడ నాలుగే: ఉపచారము తెలిసియుండుట, చేతి నేర్పు, తాను సేవించువానిపై అనురాగము, శుచిత్వము. ఇందులో అనురాగము ఒక్కటే చాలునని ఆచార్యుడు అనలేదు. తెలివిని మొదట పేర్కొన్నాడు. శరీరపు లోపలి అమరికను తెలిసికొనుటకు శవమును నీటిలో నానవేసి, పొరపొరగా పరిశీలింపవలెనని సుశ్రుతుడు విధించినాడు. అయితే ఆ విద్య వైద్యునిది. పరిచారకునికి ప్రత్యేకముగా బడి, పాఠము, పరీక్ష ఏర్పడి స్థిరపడుటకు పందొమ్మిదవ శతాబ్దము రావలసివచ్చినది.

ఆ మార్పునకు కారకురాలు ఫ్లారెన్స్ నైటింగేల్ అని అందరును ఎరిగినదే. చేత దీపము పట్టుకొని క్షతగాత్రుల నడుమ నడచిన కరుణామూర్తిగా ఆమెను పాఠ్యపుస్తకములు చూపినవి. ఆ చిత్రము అసత్యము కాదు, కాని అసంపూర్ణము. క్రిమియా యుద్ధకాలమున, 1854 నవంబరులో, ఆమె 38 మంది పరిచారికలతో టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాలకు చేరినది. వంటశాల ఏర్పరచినది, దుస్తులు తెప్పించినది, పక్కలు శుభ్రపరపించినది. ఇంత చేసినను ఆ చలికాలమున మరణములు తగ్గలేదు, పెరిగినవి. 1855 ఫిబ్రవరిలో అక్కడ చికిత్స పొందినవారిలో నూటికి 42 మందికి పైగా మరణించినారు. వారిలో అధికుల ప్రాణములు తీసినవి తుపాకి గుండ్లు కావు, విరేచనములు, జ్వరములు.

మార్చి నెలలో బ్రిటిషు ప్రభుత్వము పంపిన ఆరోగ్య సంఘము వచ్చి, భవనము క్రింది మురుగు కాలువలను కడిగించినది, నీటి మార్గమును బాగుచేయించినది, గోడలకు సున్నము కొట్టించినది. జూను నాటికి మరణములు నూటికి రెండు మాత్రమైనవి. స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట నైటింగేల్ ఈ లెక్కలను ముందు పెట్టుకొని కూర్చున్నది. గణాంక శాస్త్రజ్ఞుడు విలియం ఫార్ సాయముతో మరణముల కారణములను విడదీసి, 1858లో రంగుల పటములుగా ప్రకటించినది. ఎంత ప్రేమతో సేవ చేసినను, రోగకారణము తెలియని సేవ రోగిని కాపాడలేదన్న కఠిన సత్యము ఆ పటములలో ఉన్నది. దీపముకంటె ఈ పటమే ఆమె ఘనతకు గొప్ప గురుతని మా భావము.

1860లో లండను సెయింట్ థామస్ వైద్యశాలలో ఆమె పేరిట పరిచారికల పాఠశాల ప్రారంభమైనది. అక్కడి శిక్షణలో పుండ్లకు కట్టు కట్టుట, కదలలేని రోగిని కదల్చుట, పక్కపుండ్లు రాకుండ చూచుట మొదలైనవి చేరినవి. పక్కపుండును తీసికొందము. చూపునకు ఇది చిన్న విషయము. మంచము పట్టిన మనిషికి నడుము క్రింద, మడమల వద్ద, తుంటి వద్ద ఎముక చర్మమునకు మిక్కిలి దగ్గరగా ఉండును. ఎముకకును పరుపునకును నడుమ నలిగిన చోట సన్నని రక్తనాళములు మూసుకొనిపోయి, కండ చచ్చి పుండగును. ఎముక ఎక్కడ పైకి ఉన్నదో తెలిసిన పరిచారిక రోగిని గంటల లెక్కన అటునిటు ఒత్తిగిల్లజేయును. చర్మము ఎఱ్ఱబడగనే మేలుకొనును. పక్కపుండు సాధారణముగా రోగము చేసిన తప్పు కాదు, పరిచర్య చేసిన తప్పు అని నైటింగేల్ నిర్మొగమాటముగా వ్రాసినది.

తరువాత విజ్ఞానము వేగముగా పెరిగినది. 1867లో లిస్టర్ కార్బాలిక్ ఆమ్లముతో శస్త్రచికిత్సా గాయములు చీము పట్టకుండ కాపాడు పద్ధతిని ప్రకటించినాడు. 1882లో కాక్ క్షయ క్రిమిని చూపినాడు. చెడుగాలియే రోగహేతువని నమ్మిన నైటింగేల్ ఈ క్రిమి సిద్ధాంతమును అంగీకరించుటకు చాలాకాలము వెనుకాడినది. గురువు తడబడినచోట శిష్యురాండ్రు ముందుకు సాగవలసివచ్చినది. చేతులెందుకు కడుగవలెనో, పరికరములెందుకు మరిగింపవలెనో కారణసహితముగా నేర్చినారు. సూదిమందు వాడుకలోనికి వచ్చిన పిమ్మట శరీర నిర్మాణ జ్ఞానము మరింత అవసరమైనది. పిరుదుకు సూది వేయునప్పుడు దానిని నాలుగు భాగములుగా ఊహించి, పైవైపు వెలుపలి భాగముననే వేయవలెనని నేర్పుట ఊరకనే కాదు. చోటు తప్పినచో కాలికి పోవు పెద్ద నరము దెబ్బతిని, మనిషి కుంటివాడు కావచ్చును.

ఇక ధర్మము మాట. 1893లో అమెరికాలోని డిట్రాయిట్ నగరమున లిస్ట్రా గ్రెటర్ అధ్యక్షతన ఒక సంఘము పరిచారికలకు ప్రతిజ్ఞ కూర్చినది. దానికి నైటింగేల్ పేరే పెట్టినారు. హానికరమైన మందు ఇయ్యరాదు, రోగి గుట్టు బయటపెట్టరాదు, వైద్యునికి విశ్వాసముతో తోడ్పడవలెను అనునవి అందులోని ముఖ్యాంశములు. 1953లో అంతర్జాతీయ నర్సుల సమితి ఒక ధర్మనియమావళిని అంగీకరించినది. అందులోను వైద్యుని ఆజ్ఞను వివేకముతో, విధేయతతో నెరవేర్చుట ఒక నియమము. అయితే ఆ ఆజ్ఞలోనే పొరపాటు ఉన్నచో? చీటీలో మందు మోతాదు పదింతలుగా పడినచో? విధేయత గొప్పదా, రోగి ప్రాణము గొప్పదా? 1973 నాటి నియమావళి దీనికి సూటిగా సమాధానమిచ్చినది: పరిచారిక బాధ్యత మొట్టమొదట పరిచర్య అవసరమైనవారికే. ఇరువది సంవత్సరములలో వచ్చిన ఈ చిన్న మార్పు వెనుక పెద్ద అర్థమున్నది. ప్రశ్నించుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యమునకు చదువు పునాది. మోతాదు తెలియనివారు పొరపాటును పట్టలేరు. అందుచేత జ్ఞానము, ధర్మము వేరువేరు కావు.

మన ప్రాంతమునకు ఈ విద్య మదరాసు మీదుగాను, మిషను వైద్యశాలల మూలముగాను వచ్చినది. 1883లో గుంటూరు చేరిన అమెరికా వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీల కొరకు వైద్యశాల నెలకొల్పి, 1930లో మరణించువరకు ఆ సేవలోనే గడపినది. పరుల మలమూత్రములు ఎత్తు పని కులస్త్రీలకు తగదనుకొన్న కాలమది. ఆ మాటలు పడుచునే దీపము పట్టుకొన్న తెలుగు స్త్రీల పేర్లు పెక్కు ఏ గ్రంథమునకును ఎక్కలేదు. 1947లో భారత నర్సింగు మండలి చట్టము రాగా, శిక్షణకు దేశమంతటను ఒకే ప్రమాణమును నిర్ణయించు మార్గము ఏర్పడినది.

చరకుడు చెప్పిన నాలుగు గుణములు నేటికిని మాసిపోలేదు. వాని లోతు మాత్రము పెరిగినది. వైద్యశాలలో తెల్లని దుస్తులతో మన మంచము వద్దకు వచ్చు మనిషిని "ఇదిగో" అని కేకవేయుటకు ముందు, ఆమె చేతిలో ఎన్ని తరముల చదువున్నదో ఒక్కసారి తలచుకొందము. నాలుగు పాదములలో ఒకటి కుంటుపడినచో చికిత్స నడువదు.