టిచ్‌బోర్న్ వంశము - పిండి దానము

ఇంగ్లాండు దక్షిణభాగమున, హాంప్‌షైర్ మండలములో, వించెస్టర్ నగరమునకు సమీపమున టిచ్‌బోర్న్ అను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామము పేరే ఇంటిపేరుగా గల ప్రభుకుటుంబ మొకటి అచ్చట శతాబ్దములతరబడి వర్ధిల్లెను. 1621లో ఆ యింటివారికి బారొనెట్ అను వంశపారంపర్యపు బిరుదు లభించెను. ఇంతకన్న సిరిసంపదలు గల కుటుంబములు ఆ దేశమున అనేకములు గలవు. అయినను ఈ కుటుంబము పేరు జనుల నోట నిలుచుటకు మొదటి కారణము పేదలకు పంచు పిండియే.

పండ్రెండవ శతాబ్దమున రోజర్ అను ప్రభువు ఆ గ్రామము నేలుచుండె నని ఐతిహ్యము. అతని భార్య మబెల్లా. ఆమె దీర్ఘవ్యాధిచే మంచము పట్టి, అవసానకాలమున భర్తను పిలిచి, ఏటేట మేరీమాత పండుగనాడు పేదలకు పంచుటకై కొంత భూమి విడువుమని కోరెను. రోజర్ చేతికి ఎముక లేనివాడు కాడు. పొయ్యిలోనుండి మండుచున్న కొఱవి నొకటి తీసి, అది ఆరులోగా ఆమె ఎంత నేల చుట్టివచ్చునో అంతయు దానము చేసెద ననెను. లేచి నిలువలేని మనిషి ఎంత దూరము పోగలదని అతని ధీమా. ఆమె పొలమునకు మోయించుకొనిపోయి, ప్రాకుచు ప్రాకుచు, కొఱవి ఆరకముందే 23 ఎకరములు చుట్టివచ్చెను. ‘ప్రాకిన చేను’ అను అర్థ మిచ్చు పేరు ఆ పొలమునకు నేటికిని కలదు.

పడకపైకి మరల చేరిన మబెల్లా శాప మొకటి పెట్టెనట. దానము మానిన నాడు ఆ యింట ఒక తరమున ఏడుగురు కొడుకులును, మరు తరమున ఏడుగురు కూతుండ్రును పుట్టుదురు, ఇల్లు కూలును, ఇంటిపేరు అంతరించును.

కొఱవి మాట కథయే కావచ్చును గాని దానము కథ కాదు. 1671లో వాన్ టిల్‌బోర్గ్ అను చిత్రకారుడు ప్రభుభవనము ముందట దానము జరుగు దృశ్యమును చిత్రించెను.

ఈ దానము 1796లో ఆగిపోయినది. దొంగలును దిమ్మరులును వచ్చి గుమిగూడుచున్నారని న్యాయాధికారులు దానిని మాన్పించిరి. 1795లో పంట చెడి, రొట్టె ధర మండిపోయిన రోజులవి. ఆకలిగొన్నవారు పదుగురు ఒకచోట చేరినచో వారికి దొంగలను పేరు వచ్చుట ఏ దేశమునకును క్రొత్త గాదు.

1803లో భవనములో కొంతభాగము కూలెను. ఏడవ బారొనెట్ హెన్రీకి ఏడుగురు కొడుకులు. వారిలో జ్యేష్ఠునికి ఏడుగురు కూతుండ్రు. శాపము ఫలించినదని ఊరంతయు నమ్మెను. అయితే ఆ జ్యేష్ఠపుత్రుడు పుట్టినది 1779లో, అనగా దానము ఆగుటకు 17 ఏండ్లు ముందే. ఈ లెక్క ఎవరికిని పట్టలేదు. ఏమైనను, 1830ల దశకములో దానము మరల మొదలయినది.

అంతటితో ఆ యింటి కష్టములు తీరలేదు. వారసుడు రోజర్ ఎక్కిన ‘బెల్లా’ అను ఓడ 1854లో సముద్రమున అదృశ్యమయ్యెను. కొడుకు బ్రతికియున్నాడను ఆశ వీడని తల్లి దూరదేశముల పత్రికలలో ప్రకటనలు వేయించెను. ఆస్ట్రేలియాలోని వాగవాగ పట్టణమున మాంసము కొట్టువాడొకడు తానే రోజర్ నని 1866లో వచ్చెను. పారిస్‌లో పెరిగిన రోజర్‌కు ఫ్రెంచి మాతృభాషవంటిది. వచ్చినవానికి ఆ భాష రాదు. అయినను తల్లి వానినే కొడుకుగా గుర్తించి, 1868లో చనిపోవువరకు ఆ మాట మీదనే నిలిచెను. ఆస్తి వ్యాజ్యము 102 రోజులు నడచి 1872లో వీగిపోయెను. పిదప క్రిమినలు విచారణ 188 రోజులు సాగి, 1874లో వానికి 14 ఏండ్ల శిక్ష పడెను. వాడు లండనులోని వాపింగ్ వాసి ఆర్థర్ ఆర్టన్ అని న్యాయస్థానము తేల్చెను. కూలివాండ్రు అనేకులు మాత్రము వానినే నమ్మి, చందాలు వేసికొని వాని పక్షమున పోరాడిరి. గొప్పయింటివారు పేదవాని హక్కు కాజేసిరని వారి భావము.

1968లో పదునాలుగవ బారొనెట్ మగసంతు లేక మరణించుటతో బిరుదు అంతరించినది. ఇల్లు కూతుండ్ర సంతతికి చేరినది. దానము మాత్రము ఆగలేదు. ఏటేట మార్చి 25న మతాచార్యుడు పిండిని ఆశీర్వదించును. టిచ్‌బోర్న్, చెరిటన్ గ్రామముల వారు సంచులు పట్టుకొని వత్తురు. పెద్దలకు తల కొక గాలను, పిల్లలకు అర గాలను చొప్పున కొలిచి పోయుదురు.