లక్డీకాపూల్ నుండి విజయవాడకు: ఆకాశమార్గమున దూరమెంత? కాలమెంత?

హైదరాబాదులో నాంపల్లికి, ఖైరతాబాదుకు నడుమ లక్డీకాపూల్ ఉన్నది. ఆ పేరునకు కట్టెవంతెన అని అర్థము. నేటి వంతెన మాత్రము కట్టెది కాదు. అచటి నివాసి ఒకడు విమానములో విజయవాడకు పోదలచెననుకొందము. అతనికి ఎంత కాలము పట్టును?

మొదట దూరము చూతము. శంషాబాదు విమానాశ్రయము 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశమున ఉన్నది. విజయవాడకు చేరువనున్న గన్నవరము 16.53, 80.80 డిగ్రీల వద్ద ఉన్నది. అక్షాంశములో ఒక డిగ్రీ 111 కిలోమీటర్లు. రేఖాంశపు డిగ్రీ ధ్రువములవైపు పోనుపోను కుదించుకొనిపోవును గనుక మన ప్రాంతమున అది 106 కిలోమీటర్లే. ఈ లెక్కన గన్నవరము శంషాబాదుకు 79 కిలోమీటర్లు దక్షిణముగా, 251 కిలోమీటర్లు తూర్పుగా ఉన్నది. ఇక పైథాగరస్ సిద్ధాంతమే చాలును: కర్ణము సుమారు 263 కిలోమీటర్లు. ఇంత స్వల్ప దూరమునకు భూమి వంపును లెక్కింపనక్కరలేదు.

2008 మార్చి 23 వరకు నగరపు విమానములు బేగంపేట నుండి ఎగిరెడివి. అచటి నుండి గన్నవరమునకు దూరము 267 కిలోమీటర్లు. విమానాశ్రయము మారినను ఆకాశములో భేదము నాలుగు కిలోమీటర్లే! నేలపై సంగతి వేరు. లక్డీకాపూల్ నుండి బేగంపేట ఇంచుమించు ఆరు కిలోమీటర్లు. శంషాబాదు పాతిక కిలోమీటర్లకు పైమాటే. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుండి 11.6 కిలోమీటర్ల పొడవున పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే తెరచుటకు కారణమిదే.

నిజాము ప్రభుత్వము, టాటాలు కలసి స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుండి డకోటా విమానములను నడిపెను. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైనది. డకోటా వేగము గంటకు సుమారు 270 కిలోమీటర్లు. కనుక ఈ దూరమునకు గంటసేపు. నేడు ఈ మార్గమున ఎగురు ఏ.టి.ఆర్. విమానము గంటకు 500 కిలోమీటర్ల వేగము గలది. లెక్క ప్రకారము 32 నిమిషములు చాలవలెను. కాని కాలపట్టికలో ఉన్నది దాదాపు గంటయే!

లెక్కల పుస్తకములోని రైలు బయలుదేరగనే పూర్తి వేగమందుకొనును. విమానమునకు ఆ భాగ్యము లేదు. చక్రములకు అడ్డుపెట్టిన దిమ్మెలు తీసినది మొదలు తిరిగి పెట్టువరకు గల కాలమంతయు ప్రయాణకాలమే. రన్‌వేకు నెమ్మదిగా నడచుట, పైకెక్కుట, దిగుటకై వేగము తగ్గించి చుట్టు తిరుగుట అన్నియు అందులోనివే. దూరము తక్కువైనకొలది ఈ భాగము పెద్దదగును.

మన లక్డీకాపూల్ ప్రయాణికుని లెక్క ఇట్లుండును: శంషాబాదుకు గంట, ముందుగా చేరి వేచియుండుటకు రెండు గంటలు, విమానము గంట, గన్నవరము నుండి ఊరిలోనికి ముప్పావుగంట. మొత్తము నాలుగు గంటల ముప్పావు. జాతీయ రహదారి 65పై 275 కిలోమీటర్లు కారులో పోయినను ఐదు గంటలే. విశాఖపట్నమునకైనచో రహదారి 600 కిలోమీటర్లు దాటును; ఆకాశమార్గము సుమారు 510. అచట విమానము ఎంత కాలము మిగుల్చునో విద్యార్థులచే లెక్క వేయింపవచ్చును.