గట్టు మీది ఊసరవెల్లి

"ఒట్టి ఊసరవెల్లి మనిషండీ!" అని ఎవర్నైనా అంటుంటే నాకు ఊసరవెల్లి మీదే జాలేస్తుంది. నా నవలల్లో నేనూ ఒకరిద్దర్ని అలా తిట్టించినదాన్నే అనుకోండి.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు పత్తి తీతకి నాయనమ్మ వెంట చేలోకి వెళితే గట్టు మీది నల్లతుమ్మ చెట్టుకి అది కనిపించేది. చాలాసేపు చూస్తేగాని కొమ్మ కాదు, ప్రాణి అని తెలిసేది కాదు. ఒక కన్ను నావైపు, రెండోది ఆకాశం వైపు. కాలెత్తి, వేద్దామా వద్దా అన్నట్టు ఊగి ఊగి అప్పుడు వేసేది. "ముట్టుకోకే అమ్మాయ్, విషం!" అనేది నాయనమ్మ. నిజానికి దానికి విషం లేదు. మగపిల్లలు మాత్రం రాళ్ళు తీసేవాళ్ళు. ఒకసారి నేనూ రాయి వేశాను. తగిలింది. ఆకుపచ్చగా ఉన్నది నల్లబడిపోయింది. ఆ నలుపు నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది.

అది ఎంత ఒంటరిదో పెద్దయ్యాక చదివితే తెలిసింది. లోకంలో ఊసరవెల్లి జాతులు 200 పైచిలుకు. అందులో దాదాపు సగం ఒక్క మడగాస్కర్ దీవిలోనే ఉన్నాయి. మిగతావాటిల్లో ఎక్కువ భాగం ఆఫ్రికావి. మన దేశానికి దక్కింది ఒకే ఒక్క జాతి. గంగకి దక్షిణాన, శ్రీలంక దాకా ఉంటుంది. 1768లో వియన్నాలో లారెంటీ అనే ఆయన దానికి శాస్త్రీయనామం పెడుతూ సింహళం పేరు తగిలించాడు. అలా మా గట్టు మీది జీవి పుస్తకాల్లో సింహళపుదై కూర్చుంది!

చెట్ల మీది ప్రాణే గాని, ఎప్పుడూ తడిసి ఉండే దట్టమైన అడవి దానికి పడదు. నల్లమలలాంటి ఎండు అడవులు, ముళ్ళకంపలు, తోటలు, చేలగట్ల మీది చెట్లు, అదీ దాని ఇల్లు. పట్టకారులాంటి పాదాలు, చుట్టుకునే తోక కొమ్మ మీద పనికొచ్చినట్టు నేల మీద పనికిరావు. అయినా ఆడది గుడ్లు పెట్టాలంటే దిగి గుంట తవ్వుకోవాల్సిందే. ఇక రంగు సంగతి. ఎక్కిన చెట్టునల్లా చూసి ఆ రంగు వేసుకుంటుందన్నది మన కల్పన. దాని కోపం, భయం, ఎండ, చలి చర్మం మీద తెలిసిపోతాయంతే. చర్మంలోని సన్నటి స్ఫటికాలు దగ్గరా దూరం జరగడంవల్ల రంగు మారుతుందని 2015లో జెనీవా శాస్త్రజ్ఞులు ఒక మడగాస్కర్ ఊసరవెల్లిలో చూపించారు.

1967లో నాగార్జునసాగర్ కాలవలకి నీళ్ళు వదిలాక మా వైపు ఖాళీ జాగా అంటూ మిగల్లేదు. గట్లు సన్నబడ్డాయి. తుమ్మలు పొయ్యిలోకి పోయాయి. 1987లో పత్తికి తెల్లదోమ పట్టింది. ప్రకాశం జిల్లాలో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మనుషులే పోతుంటే ఊసరవెల్లి గొడవేమిటంటారా? మా నాన్న మందు మీద మందు కొట్టారు. దోమ చావలేదు. గట్టు మీది పురుగూ పుట్రా చచ్చాయి. ఊసరవెల్లి తిని బతికేది వాటినే. ఆ తర్వాత మా చేలో దాన్ని నేను చూడలేదు.

పోయినేడు చినుకుల్లో పేట రోడ్డు మీద ఒకటి ఊగుతూ దాటుతోంది. ఆటో ఆపించి గొడుగు కర్ర చాపాను. "వద్దు మేడం, విషం!" అన్నాడు ఆటో అబ్బాయి, అచ్చం నాయనమ్మలాగే. అది మెల్లిగా ఎక్కింది. పక్కనున్న కంపలో వదలబోతే కర్రని ఒక పట్టాన వదిల్తేనా! తడుస్తూ నిలబడ్డాను.