నిందించేచోట నిజం పలకడం



మనం దుష్టుడని నిందించేవానిలో నేర్పు కనబడితే దానిని ఏ మాటతో చెప్పాలి? చెప్పకుండా దాచితే అసత్యదోషం. మించి చెబితే అధర్మాన్ని మెచ్చినట్లవుతుంది. ఈ చిక్కుకు మన ఇస్నాపూర్‌కు ఎంతో దూరం కాని గోలకొండ చరిత్రలోనే ఒక దృష్టాంతం ఉన్నది.

1687లో ఔరంగజేబు గోలకొండను సుమారు ఎనిమిది నెలలు ముట్టడించాడు. ఆలయాలను కూల్పించిన పాలకుడిగా అతనిని మనం గర్హిస్తాం. ఆ గర్హణ న్యాయమే. తానీషా సేనాని అబ్దుల్ రజాక్ లారీ అతని ప్రలోభాలకు లొంగలేదు. పదవినిస్తామన్న ఫర్మానాను బురుజుపై నిలబడి చించివేశాడు. చివరకు లోపలివారే ద్రోహం తలపెట్టి రాత్రివేళ కోట తలుపు తెరిచారు. రజాక్ కొద్దిమందితో ఎదురునిలిచి, ఒళ్ళంతా గాయాలతో నేలకొరిగాడు. ఔరంగజేబు అతనికి వైద్యులను పంపి బ్రతికించాడు. ఇటువంటి సేవకుడు ఇంకొక్కడుంటే కోట లొంగడానికి మరింత కాలం పట్టేదని ఆ చక్రవర్తి అన్నట్లు చరిత్రకారుడు ఖాఫీఖాన్ వ్రాశాడు.

శత్రువు గుణాన్ని ఔరంగజేబు ఒప్పుకున్నాడు. అతడు ఒప్పుకున్నాడని మనమూ ఒప్పుకోవాలి. అంతమాత్రాన కూలిన ఆలయాల లెక్క తీరిపోదు.

మన భాషలో ఇందుకు మాటలు లేకపోలేదు. 'ఘటికుడు', 'అసాధ్యుడు' అంటాం. కానీ ఆ మాటల వెనుక ఒక చిరునవ్వు దాగి ఉంటుంది. అది తప్పును ముద్దుచేస్తుంది. 'మహానుభావుడు' అంటే మనిషినంతటినీ పూజాపీఠంపై కూర్చోబెట్టినట్లే. 'నేర్పు' అనే మాట అలా కాదు. అది పనికి చెందుతుంది, మనిషికి కిరీటం పెట్టదు. 'మెచ్చుకున్నాం' అనడం కంటే 'ఒప్పుకున్నాం' అనడం మేలు. మెచ్చుకోలులో మన ఇష్టం ఉంటుంది, ఒప్పుకోలులో సత్యం మాత్రమే ఉంటుంది.

సుందరకాండలో హనుమ చేసినదీ ఇదే. బంధింపబడి సభలో నిలిచిన ఆయన రావణుని తేజస్సును, ధైర్యాన్ని చూచి ఆశ్చర్యపడ్డాడు. అధర్మమే లేకుంటే ఇతడు దేవలోకాన్ని సైతం రక్షింపదగినవాడు కదా అని తలచాడు. ఒకే తలపులో గుణమూ వచ్చింది, దోషమూ వచ్చింది. రెండింటినీ విడదీయకపోవడమే ఆ వివేకం.

ఈ వివేకం మనకు నిత్యం అవసరం. 1970ల నుండి పటాన్‌చెరు ప్రాంతంలో వెలసిన కర్మాగారాలు ఎందరికో అన్నం పెట్టాయి. రోగాలను మాన్పే మందులు చేసే విద్య ఇక్కడ వర్ధిల్లింది. ఆ వ్యర్థజలాలే నక్కవాగును చెరిచి రైతుల పొలాలను పాడుచేశాయి. విద్యను కాదంటే కృతఘ్నులమవుతాం. వాగును మరిస్తే అపరాధులమవుతాం. రెండూ ఒకే వాక్యంలో పలకాలి.

కనుక నిందించవలసినచోట నిందిద్దాం. అక్కడ నేర్పు ఉంటే 'నేర్పు ఉన్నది, ధర్మం లేదు' అని చెబుదాం. నోటికి సత్యం నేర్పనిదే మనసుకు భక్తి నిలువదు.

స్వస్తి.